ముందు టైరుకు ట్యూబు వేసింది ఎవరు

నందికొట్కూరు,
9 జూన్ 2024.

తమ్ముడు రబ్బానీకి అక్క ఫిరోజా సలాం. ముందు తిట్లు, తర్వాత కబుర్లు.

తెల్లారకముందే లేచి, బస్సులు మారి మారి కడప జైలు దాకా వస్తే నువ్వు ములాఖత్‌కు రానన్నావట. గేటు దగ్గర పోలీసాయన "రానంటాండాడమ్మా, మేమేం చేసేది?" అన్నాడు. ఆ ఎండలో గోడ పక్కన కూర్చుని కాసేపు ఏడ్చాను. నీకని తెచ్చిన అరటిపళ్ళు పక్కనున్న ముసలామెకు ఇచ్చేసి వచ్చాను. ఆమె నిన్ను దీవించింది, అదొక్కటే లాభం. నీకు కోపం అక్క మీదా, లోకం మీదా? ఎవరి మీదైతేనేం, పుట్టినప్పటి నుంచీ నీ దగ్గర దానికి కరువు లేదు.

శిరీన్ పోయి రెండేళ్ళు దాటింది. జూపాడు బంగ్లా దాటాక బండి ముందు టైరు పేలి మీరిద్దరూ పడిపోవడం, వెనక వచ్చే లారీ ఆమె మీదుగా పోవడం, ఇవన్నీ నేను మరిచిపోయాననుకోకు. నాకు ఆమె మరదలు కాదు, చెల్లెలు. కానీ ఖననం చేసిన మర్నాడే నువ్వు గాలి కొట్టే గోపన్న మీదికి పోయావు. ఆ రోజు పొద్దున గాలి పట్టింది అతనే కాబట్టి, ఎక్కువ కొట్టి నీ పెళ్ళాన్ని చంపాడని ఇనుప కడ్డీ ఎత్తావు. అతని కన్ను పోయింది. నీకు మూడేళ్ళు పడింది. మొన్న సంతలో గోపన్న ఎదురయ్యాడు. నేను సలాం చెప్పేలోపే తల తిప్పుకుని పోయాడు.

మీ బావ బాగున్నాడు. పంచర్ షాపులో చేతినిండా పని. ఈ ఏడు ఎండలకు రోడ్డు మీద టైర్లు ఫటఫటమని పేలుతున్నాయి. సర్కారు తుమ్మ ముళ్ళు ఒకవైపు, గుంతలు ఒకవైపు. ట్యూబ్‌లెస్ టైరున్న కొత్త బండ్లవాళ్ళు కూడా వచ్చి, భద్రంగా ఉంటుందని లోపల ట్యూబు వేయించుకుంటున్నారు. బావకు చదువు రాదు కదా, నీ ఉత్తరాలు నేనే చదివి వినిపించాలి. కాబట్టి రాస్తే నాలుగు మంచి మాటలు రాయి. ఫిబ్రవరి ఎంతో దూరం లేదు. బయటికి వచ్చాక మళ్ళీ పరుపులు కుట్టి అమ్ముకుందువు.

ఉత్తరం రాయకపోతే మళ్ళీ వచ్చి ఆ గేటు ముందే కూర్చుంటాను.
నీ అక్క


కడప,
21 జూన్ 2024.

అక్కకు, బావకు సలాం. బక్రీదు నాడు ఇక్కడా నమాజు చేసుకున్నాం.

నీ మీద కోపం లేదు. నా మొహం నీకు చూపించడం ఇష్టం లేక రాలేదు. ముందు పళ్ళు రెండు ఊడాయి, పెదవికి కుట్లు పడ్డాయి. ఒకడు నా కేసు సంగతి తెలుసుకుని "నీ పెళ్ళానికి గాలి ఎంత కొట్టినారప్పా?" అన్నాడు. మొదటిసారి ఊరుకున్నా. రెండోసారి అన్నం తినే పళ్ళెంతో వాని ముక్కు పగలగొట్టా. సాయంత్రం వాని మనుషులు నన్ను కొళాయి దగ్గర పట్టుకుని గచ్చుకేసి కొట్టారు. గొడవ పడ్డానని ఫోను మాట్లాడే అవకాశం కూడా తీసేశారు. ఇక ఉత్తరాలే.

ఇక్కడ హనుమేష్ అని రాజంపేట అతను ఉన్నాడు. బయట బండ్లు రిపేరు చేసేవాడు. నీ ఉత్తరంలో ట్యూబుల సంగతి అతనికి చదివి వినిపించా. అతను నా బండి ఏదని అడిగి, ఎట్లా పేలిందో చెప్పించుకున్నాడు. "ట్యూబ్‌లెస్ టైరు అట్లా పోదప్పా. ముల్లు గుచ్చుకుంటే సన్నగా గాలి దిగతాది, బండి ఊగతాది, ఆపుకోవచ్చు. డబ్బుమని ఒక్కసారిగా పోయిందంటే లోపల ట్యూబు ఉండాది" అన్నాడు.

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. శిరీన్‌ను లారీ కింది నుంచి లాగుతుంటే ఒక నల్ల రబ్బరు పీలిక నా కాలికి చుట్టుకుంది. అడ్డమొచ్చిందని పీకి విసిరేశా. ఆమె రక్తంతో తడిసి ఉండింది. ఇన్నాళ్ళూ అది ఏమిటో ఆలోచించలేదు. అది ట్యూబు ముక్క.

నేను ఆ బండికి ట్యూబు వేయించలేదు. పరుపులు అమ్ముకోవడానికి వ్యానులో అనంతపురం వైపు పోయినప్పుడు బండి ఇంట్లో ఉంది. అప్పుడే ఎవడో వేశాడు. అంటే గోపన్న ఒట్టి గాలే కొట్టాడు. అతని కన్ను ఊరికే పోయింది. దానికి శిక్ష అనుభవిస్తున్నా. ఇప్పుడు నాకు అసలు మనిషి కావాలి. ఆఫీసులో ఉత్తరాలు చదువుతారు, కాబట్టి వేరే ఏమీ రాయొద్దు. పేరు చాలు.

రబ్బానీ


నందికొట్కూరు,
5 జులై 2024.

పళ్ళు లేని మా తమ్ముడికి సలాం.

నవ్వొద్దు, కుట్లు ఊడతాయి. నీ ఉత్తరం బావకు చదువుతూ పళ్ళ సంగతి దాకా వచ్చి ఆపేశాను. ఆ తర్వాత ఏం రాశాడని అడిగాడు. దోమలు ఎక్కువగా ఉన్నాయట అన్నాను. పాపం, నమ్మి, దోమతెర పంపిస్తే ఇస్తారా అని అడిగాడు.

రబ్బానీ, ట్యూబు వేయడం నేరమా? మన వైపు ఎవరు వేయించుకోరు చెప్పు. గుంతలో పడి రిమ్ము వంగితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవదు. కొత్త రిమ్ము కొనే స్తోమత ఎవరికుంది? ట్యూబు వేస్తే తెల్లారి లేచేసరికి గాలి ఉంటుంది. పిల్లల్ని బడికి దింపేవాళ్ళు, పొలం పోయేవాళ్ళు, వాళ్ళే అడిగి వేయించుకుంటారు. ఎవరు వేసినా చంపాలని వేయరు. ట్యూబు వేసినవాణ్ణి పట్టుకుంటే, ఆ గుంతలు పూడ్చనివాణ్ణి, ఆ లారీ తోలినవాణ్ణి కూడా పట్టుకోవాలి. లారీవాడికి బెయిలు కూడా వచ్చింది. వాడి పేరు ఎందుకు అడగవు?

ఆ బండి తుక్కు కింద పోయింది. ఎవరు వేశారో నాకేం తెలుసు? వాన పడి ఊరంతా జొన్నలు, కందులు అని పరుగులు పెడుతున్నారు. నువ్వు అక్కడ కూర్చుని టైర్లు విప్పుతున్నావు. వదిలేయి నాయనా.

మందు పూసుకుంటున్నావని అనుకుంటూ,
అక్క


కడప,
18 జులై 2024.

అక్కా,

సలాం. నువ్వు లాయరు మాదిరి రాయడం ఎప్పుడు నేర్చుకున్నావు?

లారీవాడు బ్రేకు కొట్టాడు. నేను కింద పడి చూస్తూనే ఉన్నా, బండి అడ్డం తిరిగేదాకా తొక్కాడు. దిగి వచ్చి నాతో పాటు ఏడ్చాడు. వాడితో నాకు పని లేదు. నాకు తెలియకుండా, నా ఇంటి బండిలో, నా పెళ్ళాం కూర్చునే బండిలో చేయి పెట్టినవాడు కావాలి.

రోజూ ఆ పీలిక నా కాలికి చుట్టుకుంటోంది. నిద్రలో కాలు విదిలిస్తే పక్కన పడుకున్నవాడికి తగిలి, వాడు నన్ను తంతున్నాడు. నేను తంతున్నా. ఇట్లా ఏడు నెలలు ఉండలేను.

నీకు తెలుసు. తెలియకపోతే అన్ని మాటలు రాసేదానివి కాదు. చెప్పకపోతే పోనీ. బయటికి వచ్చిన రోజు ఇంటికి కూడా పోను, నేరుగా బావ షాపుకు వస్తా. ముందు బావనే పట్టుకుంటా. ఆయనకు తెలియకుండా ఆ ఊళ్ళో ఒక్క ట్యూబు మారదు.

ఆలోచించుకో.
రబ్బానీ


నందికొట్కూరు,
30 జులై 2024.

తమ్ముడికి సలాం.

నీ ఉత్తరం వచ్చిన రోజు పొయ్యి మీద అన్నం మాడిపోయింది. బావనే పట్టుకుంటానని రాశావు. ఆయన నిన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని ఉరుసులో తిప్పినాయన. మా పెళ్ళయ్యాక నాన్న పోతే నీకు సున్నతి పండగ చేయించినాయన. ఆయన మీద చేయి వేస్తావా? ఆ మాట నీ పెన్నులో నుంచి ఎట్లా వచ్చిందని నేను నాలుగు రోజులు ఏమీ తినలేకపోయాను.

సరే. నీకు పేరు కావాలి. లేవి.

బస్టాండు పక్కన పంచర్లు వేసే కోసిగి అబ్బాయి, నీకూ తెలుసు. నీ ముందు టైరుకు ముల్లు గుచ్చుకున్నప్పుడు రంధ్రంలో రబ్బరు స్ట్రిప్పులు దూర్చి పంచరు వేసింది కూడా అతనే కదా. ట్యూబూ అతనే వేశాడు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు శిరీన్ అక్కడికే తీసుకుపోయింది. అతను ఇప్పుడు ఈ ఊళ్ళో లేడు. షాపు ఎత్తేసి కూలి పనికని బెంగళూరుకో, ఇంకా యాడికో పోయాడు. కోసిగి వాళ్ళకు వలస మామూలే, ఎవరికీ దొరకడు. నువ్వు వెతకొద్దు. పేరు తెలిసింది కదా, ఇక కాలు విదిలించకుండా పడుకో.

బావ జోలికి రావద్దు. అల్లా మీద ఒట్టు పెడుతున్నాను.
అక్క


కడప,
17 ఆగస్టు 2024.

మా మంచి అక్కకు, బావకు సలాం.

బావ మీద చేయి వేస్తానని నేను ఎప్పుడు రాశాను? ఎవరు వేశారో బావను అడుగుతా అని రాశా. పిచ్చిదానివి. ఆయన నాకు నాన్నతో సమానం. ఊరికే అన్నం మానేశావు.

మనసు ఇప్పుడు బాగుంది. ఆకలి వేస్తోంది. నువ్వు ములాఖత్‌కు రా, ఈసారి తప్పకుండా వస్తా. చింతకాయ తొక్కు ఇక్కడికి రానివ్వరు గానీ, నీ కొంగుకు ఆ వాసన ఉంటుంది చాలు. నాతో ఉండిన భూపేష్ విడుదలై పోయాడు. వాళ్ళది ఆదోని పక్కన పల్లె. శానా మంచివాడు. పోతూ పోతూ నీకు సలాం చెప్పమన్నాడు.

నవ్వుతూ,
తమ్ముడు


నందికొట్కూరు,
8 సెప్టెంబర్ 2024.

రబ్బానీ,

సలాం రాయడానికి చేయి రావడం లేదు. ఈ ఉత్తరం ఆఫీసులో చదువుతారని తెలుసు. సార్లూ, బాగా చదవండి. చదివి వాడికి ఇవ్వండి.

ములాఖత్‌లో నువ్వు నవ్వితే, నా తమ్ముడు నాకు దొరికాడని బస్సంతా సంతోషంగా కూర్చుని వచ్చాను. భూపేష్‌ను ఎక్కడికి పంపావో నాకేం తెలుసు?

నిన్న కోసిగి నుంచి ఉల్లిగడ్డల లారీ ఒకటి వచ్చి, డ్రైవరు టీ తాగుతూ షాపు దగ్గర నిలబడి చెప్పాడు. లేవి వానలు పడ్డాయని విత్తనానికి ఇంటికి వచ్చాడట. చేను నుంచి వస్తుంటే ముగ్గురు పట్టుకున్నారు. "నందికొట్కూరులో రబ్బానీ బండికి ట్యూబు ఏసింది నువ్వే గదరా?" అని అడిగారు. "స్ట్రిప్పులు ఏసినా గానీ, ట్యూబు నేను కాదన్నా" అని కాళ్ళు పట్టుకున్నాడు. రెండు చేతులూ బండ మీద పెట్టించి రాయితో చితక్కొట్టారు. కుడిచేతి వేళ్ళు ఆసుపత్రిలో తీసేశారు. డ్రైవరు చివర్లో ఒక మాట అన్నాడు. "వాళ్ళోళ్ళు కేసు పెట్టలేదన్నా." మన వైపు కేసు పెట్టలేదంటే అర్థం నీకూ తెలుసు. లెక్క వాళ్ళే తేల్చుకుంటారని.

బావ చేతిలో టైరు అట్లే వదిలేశాడు. "ఆ ట్యూబు ఏసింది నేను గదా" అన్నాడు, డ్రైవరు ముందే. తర్వాత నా వైపు తిరిగి "లేవి పేరు ఎవరు చెప్పినారు?" అన్నాడు.

అవును, వేసింది బావే. వేయమంది శిరీన్. నువ్వు అనంతపురం పోయినప్పుడు ఆమె బండిని తోసుకుంటూ మన షాపుకు వచ్చింది. అంతకు ముందు నువ్వు కాలవ గట్టు మీద గుంతలో దించి రిమ్ము వంచావు, గుర్తుందా? రోజూ తెల్లారేసరికి గాలి దిగిపోయేది. "అన్నా, దీనికి ట్యూబు ఏసియ్యన్నా. మీ బామ్మర్దికి చెప్పొద్దు, ట్యూబ్‌లెస్సు అని ఎగిరిపడతాడు. చీకట్లో పల్లెలెంట తిరిగొస్తాడు, యాడన్నా గాలి పోయి పడతాడేమోనని నాకు నిద్ర పట్టదు" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆమెకు టీ పోసి ఇచ్చాను.

టైరు లోపల లేవి వేసిన స్ట్రిప్పుల తోకలు పొడుచుకుని ఉన్నాయి. ట్యూబు వేసేముందు వాటిని కోసి నున్నగా చేయాలి. కోస్తే రంధ్రం తెరుచుకుంటుందని అప్పట్లో బావ కోసేవాడు కాదు. ఎండలో ఆ తోక రాసుకుని రాసుకుని ట్యూబు చిరిగింది. బావ స్టేషనుకు పోయి బండి టైరులో చేయి పెట్టి చూసుకుని వచ్చాడు. వచ్చి గోడకేసి తల బాదుకున్నాడు. నీకు చెప్తానన్నాడు. అప్పటికి నువ్వు గోపన్న కన్ను తీసి రెండు రోజులు. నేనే చెప్పనివ్వలేదు.

నువ్వు బావను చంపుతావని భయపడి, ఎవరికీ దొరకడనుకున్న పిల్లాడి పేరు రాశాను. బావ మీద చేయి వేస్తానని నేనెప్పుడు రాశానని నువ్వు అడిగిన రోజుకే భూపేష్ బయలుదేరాడు. ఇప్పుడు బావ రాత్రంతా గుమ్మంలో కూర్చుంటున్నాడు.

నన్ను తిట్టు. ఏమైనా చెయ్యి. ఆయన్ను మాత్రం వదిలేయి.
అక్క


కడప,
22 సెప్టెంబర్ 2024.

అక్కకు,

నీ ఉత్తరం ఆఫీసులో పట్టుకున్నారు. నన్ను పిలిచి భూపేష్ గురించి అడిగారు. నేనే చెప్పి పంపానని చెప్పేశా. అది వేరే కేసు అవుతుంది, అయితే కానీ. ఉత్తరం నా చేతికి మొన్న ఇచ్చారు. ఇది కూడా ఎప్పుడు పోస్టులో వేస్తారో తెలియదు.

అబద్ధం రాయను. మొదటి రోజంతా బావను చంపాలనే అనుకున్నా. గోడను గుద్ది గుద్ది పిడికిలి వాచింది. హనుమేష్ వెనక నుంచి గట్టిగా పట్టుకుంటే వాని చేయి కొరికా. వాడు వదల్లేదు. రెండో రోజు శిరీన్ అన్న మాట మళ్ళీ చదివా. ఆమె నాకు కూడా చెప్పింది అక్కా. చీకటి పడకముందే రమ్మనేది, గాలి చూపించుకోమనేది. నేను నవ్వి, ట్యూబ్‌లెస్ టైరుకు చావు లేదు పోవే అనేవాణ్ణి. ఆ రిమ్ము వంచింది నేను. వంగిన రిమ్ముతో తిరిగింది నేను. అప్పుడే మార్పించి ఉంటే ఆమె ఆ షాపు మెట్టు ఎక్కేది కాదు.

బావను నేను ఏమీ అనను. గుమ్మంలో కూర్చోవద్దని చెప్పు. షాపు మూయొద్దను. నేను వచ్చి ఆయన దగ్గరే పని నేర్చుకుంటా. దోమతెర అడిగాడని రాశావు చూడు, అది చదివి ఇప్పుడు ఏడుస్తున్నా.

లేవి గురించి ఏం రాయాలో తెలియడం లేదు. ఆ పిల్లాడు నా దగ్గర రెండు దిండ్లు కొన్నాడు, వాళ్ళమ్మకని.

బావకు ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. ఏదీ దాచొద్దు.
రబ్బానీ


కర్నూలు,
27 సెప్టెంబర్ 2024.

రబ్బానీకి,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. నువ్వు ఏం అనుకుంటున్నావో తెలియదు. అనుకునే అవసరం కూడా ఇక లేదు.

పోయిన వారం బావ నాకు చెప్పకుండా కోసిగి పోయాడు. లేవి ఇల్లు వెతుక్కుని, వాళ్ళమ్మ గిడ్డమ్మ ముందు కూర్చుని "నీ కొడుకు ఏం చేయలేదమ్మా. ట్యూబు ఏసింది నేను. నా ఇంట్లో నుంచే నీ కొడుకు పేరు పోయింది" అని చెప్పాడట. ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. బస్టాండు దాకా వచ్చి ఎక్కించారు. బావ ఇంటికి వచ్చి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. మర్యాదగా బస్సెక్కించారని ఆయన సంతోషపడ్డాడు. తిట్టకుండా పంపారంటే లెక్క మిగిలే ఉందని నాకు అర్థమైంది. షాపు మూయమని కాళ్ళు పట్టుకున్నాను, వినలేదు.

మొన్న మధ్యాహ్నం బండి మీద ముగ్గురు వచ్చారు. ముందు చక్రం గాలి పోయిందని, ట్యూబు వేయమని అడిగారు. బావ కింద కూర్చుని చక్రం విప్పాడు. టైరులోకి చేయి పెట్టి తడుముతుంటే ఒకడు వెనక నుంచి మెడ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు టైరు విప్పే కడ్డీ అందుకున్నాడు. ఆ కడ్డీ మనదే. చేతులు రిమ్ము మీద పెట్టి కొట్టారు. నేను లోపల గిన్నెలు తోముతున్నాను, ఇనుము మోత వినపడితే పని చేస్తున్నాడనే అనుకున్నాను. బావ అరవలేదు. అరిచి ఉంటే నేను పోయేదాన్ని. నేను వస్తే నన్ను కూడా కొడతారని అరవలేదట.

రెండు మణికట్లూ పిండి అయ్యాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నాం. ఎడమ చేయి తీసేశారు. కుడిది ఉంటుంది గానీ, వేళ్ళు ఆడవు అన్నారు. పోలీసులు వచ్చి అడిగితే "మొగాలు సూల్లేదు సార్" అన్నాడు. చూశాడు. నాకు పేర్లు చెప్పాడు. కేసు మాత్రం వద్దన్నాడు.

ఇది నువ్వు కోరుకున్నదే అయితే సంతోషించు.
అక్క


కడప,
5 అక్టోబర్ 2024.

ఎవరు? పేర్లు రాయి. ముగ్గురివీ తెలియకపోతే కడ్డీ పట్టినవాడిది రాయి. ఒక్క పేరు చాలు. కేసు పెట్టకుండా మంచి పని చేశారు. బావకు చెప్పు, ఆయన బామ్మర్ది ఇంకా బతికే ఉన్నాడని.

రబ్బానీ


నందికొట్కూరు,
20 అక్టోబర్ 2024.

తమ్ముడు రబ్బానీకి సలాం.

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. సెప్టెంబర్‌లో రాసినది ఆఫీసులో ఎన్ని రోజులు పడి ఉందో, అక్టోబర్‌లో రాసిన దానితో కలిసి వచ్చింది. బావను మంచం మీద దిండుకు ఆనించి కూర్చోబెట్టి రెండూ చదివాను. ఏదీ దాచలేదు, నువ్వు చెప్పినట్టే.

మొదటి దానికి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేయి లేదు, నేనే తుడిచాను. పని నేర్చుకుంటానన్న చోట మళ్ళీ చదవమన్నాడు. రెండోది చదివాక, "ఇదేమే, ఈ రెండూ ఒగడే రాసినాడా?" అన్నాడు. ఏం చెప్పమంటావు?

ఆయనకు నేనే అన్నం కలిపి తినిపిస్తున్నాను. స్నానం నేనే చేయిస్తున్నాను. సిగ్గుపడి కళ్ళు మూసుకుంటాడు. షాపు తలుపు నేను తీస్తున్నాను. మొదట్లో ఆడమనిషి అని నవ్వుకుని పోయారు, ఇప్పుడు గాలి పట్టించుకుంటున్నారు. బావ గుమ్మంలో కూర్చుని నోటితో చెప్తే నేను చేస్తున్నాను. మొన్న ఒకాయన ట్యూబ్‌లెస్ టైరుకు ట్యూబు వేయమని అడిగాడు. వేయనని చెప్పాను, రిమ్ము బాగు చేయించుకు రమ్మని పంపించాను. అతను తిట్టుకుంటూ పోయాడు.

పోయిన ఆదివారం నేను కోసిగి పోయాను. బావకు చెప్పే పోయాను. గిడ్డమ్మ నన్ను చూడగానే లేచి నిలబడింది. చేతిలో కొడవలి ఉంది, వాకిట్లో గడ్డి కోస్తోంది. దాన్ని కింద పెట్టలేదు. "మీరూ కేసు పెట్టలేదంట గదమ్మా" అంది. ఆ మాట అన్న తీరుకు నాకు అర్థమైంది. వాళ్ళ కేసు లేదని మేమెట్లా వణికామో, మా కేసు లేదని వాళ్ళూ అట్లే వణుకుతున్నారు. ఆ ఇంట్లో మగవాళ్ళు తలగడ కింద గొడ్డళ్ళు పెట్టుకుని పడుకుంటున్నారు. కట్టె విరిగిన చప్పుడైతే లేస్తున్నారు. "మీ తమ్ముడు బయటికొస్తాడంట గదా ఫిబ్రవరిలో?" అని అడిగింది. కొత్త కేసు పడితే ఇంకా ఆలస్యం కావచ్చని చెప్పాను. "ఎప్పుడొచ్చినా వస్తాడు గదమ్మా" అంది.

లేవి గోడ దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. "అక్కా, అన్న చేతులు ఎట్లుండాయి?" అన్నాడు. అది తప్ప ఇంకేం అడిగినా నేను తట్టుకునేదాన్ని. "నేను వద్దన్నా అక్కా, మావోళ్ళు ఇన్లేదు" అన్నాడు. ఆ పిల్లాడి ముందు నేల మీద కూలబడిపోయాను. అతని పేరు రాసింది నేనేనని చెప్పాను. వాళ్ళమ్మ చేతిలోని కొడవలి వైపు చూసింది. నేను కదల్లేదు. చాలాసేపటికి ఆమె దాన్ని గడ్డిలోకి విసిరేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వచ్చేటప్పుడు ఆమెకు ఒక మాట ఇచ్చి వచ్చాను. బావ చేతులు విరగ్గొట్టినవాళ్ళ పేర్లు నా నోటి నుంచి ఎవరికీ, ముఖ్యంగా నా తమ్ముడికి, పోవని. ఆమె నమ్మలేదు. "అక్క గదా, అడిగితే చెప్పకుండా ఉంటావా?" అంది. అడిగితే ఒక్క పేరు చెప్తాను, ఆ పేరు మీ ఇంటిది కాదు అని చెప్పాను.

నువ్వు బయటికి వచ్చిన రోజు గేటు దగ్గరికి వస్తానని బావ అంటున్నాడు. నేను వద్దంటే వినడం లేదు. నువ్వు ఆయన మొహం చూస్తావో, చేతులు చూస్తావో నాకు తెలియదు. గోపన్నకు కన్ను లేదు, లేవికి వేళ్ళు లేవు, బావకు చేయి లేదు. శిరీన్ ఇంకా రాలేదు రబ్బానీ. ఎంతమందిని కొట్టినా రాలేదు.

ఒక్క పేరు చాలన్నావు. లేవి చేతులు పోవడానికీ, ఆ వెనక బావ చేతులు పోవడానికీ ఎవరు కారణమో నాకు బాగా తెలుసు. ఆ పేరు కింద రాస్తున్నాను. బయటికి వచ్చి ఏం చేసుకుంటావో చేసుకో.

ఫిరోజా